మునికి ఆముదం పట్టొద్దు

డబ్బో, న్యూ సౌత్ వేల్స్
2025 మే 11, ఆదివారం

చిన్నోడా,

నువ్వు పంపిన పద్నాలుగు ఫోటోలూ చూశాను. పదకొండు నీ గడ్డం తొండ ముని పొట్టవి. రెండు తొమ్మిది రోజుల కిందట అది చివరిసారి దొడ్డికి పోయినప్పటివి. ఒకటి పొరపాటున వచ్చింది, అమ్మ పెట్టిన మాగాయది. ఆ వరసలో చూడటం వల్ల మాగాయ మీద నాకు నాలుగు రోజులు మనసు పోదు.

వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే నీకు నచ్చిన ముక్క పట్టుకుని మిగతాది వదిలేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. ప్రింటు తీసి దాని పెట్టె పక్కన గోడకి అంటించు. నువ్వు శ్రీసిటీ డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మ చదువుకుంటుంది. చెన్నై నుంచి సబర్బన్ రైల్లో అట్టపెట్టెలో పెట్టుకుని నువ్వు దాన్ని ఇంటికి తెచ్చిన రోజు, "తొండని తెచ్చి నట్టింట్లో పెడతాడంటే వీడికి మతుండాదా" అని ఫోన్లో నాతో గంట పోట్లాడింది. నిన్న మాత్రం "పాపం తొమ్మిది రోజులైంది, పొట్టెట్టుందో ఏమో" అంటోంది. అంటే అమ్మ నీ పార్టీలోకి వచ్చేసింది. అసలు భయం అక్కడే. అమ్మ ఆముదం సీసా తీసేలోపు ఈ ఉత్తరం నీకు చేరాలి.

మూడో ఫోటోలో ముని వెనకాల గోడ మీద ఏసీ కనిపిస్తోంది. దాని మీద అంకె 24. ఏడో ఫోటోలో పెట్టె పైన తెల్లగా వెలుగుతున్నది ఎల్‌ఈడీ బల్బు. నువ్వు చెప్పిన జబ్బంతా ఆ రెండు ఫోటోల్లో ఉంది. మిగతా ఫోటోలు అక్కర్లేదు.

ఎందుకు అట్లా పెట్టావో నాకు తెలుసు. కత్తిరి ఎండలు, పైన రేకుల గది, ఇంకో రెండు వారాల్లో రోళ్లు పగిలే రోహిణి కార్తె. పాపం నోరులేని జీవం అని నీ గదిలోకి మార్చి ఏసీ వేశావు. దాని పాత ఓనరు ఇచ్చిన బల్బు రైల్లో పగిలితే వెలుతురు ఉంటే చాలనుకుని చేతికందిన బల్బు పెట్టావు. ఆకలితో ఉందేమోనని మూడు రోజుల్లో పదిహేను సూపర్‌వార్మ్‌లు తినిపించావు. మూడూ ప్రేమతో చేసినవే. మూడూ కలిసి దాని పొట్టని మూసేశాయి.

మనం తిన్నది అరగడానికి కావలసిన వేడి మన ఒంట్లోనే పుడుతుంది. చలిలో కూర్చున్నా, ఏసీలో పడుకున్నా లోపల 37 డిగ్రీలు ఉండనే ఉంటుంది. మునికి ఆ పొయ్యి ఒంట్లో లేదు. దాని పొయ్యి పైన వేలాడే బల్బు. వేడి రాయి మీద పడుకుని ఒళ్లు కాచుకుంటేనే దాని పేగులు కదులుతాయి, లోపలి రసాలు పనిచేస్తాయి. బియ్యం కడిగి గిన్నెలో పోసి పొయ్యి వెలిగించకపోతే ఏమవుతుంది? నానుతుంది, రెండో రోజుకి పులుస్తుంది. ఇప్పుడు దాని కడుపులో ఉన్న పదిహేను పురుగుల గతి అదే.

కాబట్టి ముందు పొయ్యి సంగతి చూడు. ఎల్‌ఈడీ తీసెయ్. అది వెలుగునిస్తుంది గానీ దాని కింద వెచ్చదనం ఉండదు. 2015లో ఉజాలా ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక మనింట్లో పాత గుండు బల్బు ఒక్కటీ మిగల్లేదు కదా, బజారులో పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడుగు. దొరక్కపోతే హాలోజన్ ఫ్లడ్ బల్బు తెచ్చుకో. పెట్టెకి ఒక చివరే వేలాడదీయి. దాని కింద బండరాయి పెట్టు. ఆ రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీల మధ్య ఉండాలి. రెండో చివర నీడగా, 27, 28 దగ్గర ఉండాలి. ఎండా నీడా మధ్య అది తనంతట తాను తిరుగుతూ ఒంటి వేడి సర్దుకుంటుంది. ఆ తెలివి దానికి పుట్టుకతో ఉంది, మనం రెండు చివరలూ ఇస్తే చాలు. గాజుకి అంటించే గుండ్రటి మీటర్లు నమ్మకు. ప్రోబు తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొనుక్కో, చెరో చివర పెట్టు. కొవిడ్ రోజుల్లో నుదుటి మీద పెట్టి చూసిన తుపాకీ ఇంట్లో ఉందని దాంతో రాయి వేడి కొలవకు. అది మనిషి జ్వరం కోసం సవరించినది, రాయి గురించి అబద్ధం చెబుతుంది.

"మరి సూళ్లూరుపేట మే నెలలో 27 డిగ్రీల నీడ ఎక్కడ తేను" అంటావు. తేలేవు, నిజమే. కింద ఉత్తరం వైపు గదిలోకి మార్చు, ఏసీ వద్దు, ఫ్యాను గాలి నేరుగా పెట్టె మీద పడకుండా చూడు. పొద్దున ఏడింటికి బల్బు వెయ్యి. మధ్యాహ్నం గదే 35 దాటిందంటే బల్బు ఆపెయ్, ట్యూబు మాత్రం ఉంచు. రాయి మీద కూర్చుని నోరు తెరిస్తే ఫరవాలేదు, ఒళ్లు కాగింది అని అర్థం. నీడ మూలకి పోయి కూడా నోరు తెరుచుకునే ఉంటే మాత్రం పెట్టె మొత్తం కాగిపోతోంది, వెంటనే బయటికి తియ్యి. రాత్రి దీపాలన్నీ ఆరాలి. చెంగాళమ్మ గుడికి తలుపులు వెయ్యరు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ముని పెట్టెకి ఆ మర్యాద వద్దు. దానికి పది పన్నెండు గంటలు కటిక చీకటి కావాలి.

ట్యూబు అన్నాను కదా, అది మామూలు ట్యూబులైటు కాదు. యూవీబీ ట్యూబు. ఆ కిరణాలు ఒంటి మీద పడితేనే దానికి డి3 తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. కాల్షియం తగ్గితే ఎముకలు మెత్తబడటం ఒక్కటే కాదు, పేగుల కండరాలకి కూడా బలం పోతుంది, మలబద్ధకం వస్తుంది. పాత ఓనర్ని ఆ ట్యూబు ఎప్పుడు మార్చాడో అడుగు. వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి దాని పస తగ్గిపోతుంది. మేడ మీద పొద్దుటి ఎండ అన్నిటికన్నా మేలు, ఓ ఇరవై నిమిషాలు. గాజుపెట్టెతో సహా ఎండలో పెట్టావంటే ఉడికిపోతుంది, పైగా గాజు ఆ కిరణాలని ఆపేస్తుంది. జాలీ ఉన్న బుట్టలో పెట్టు, సగం మీద తువ్వాలు కప్పు, పక్కనే కూర్చో. మన మేడ మీద కాకుల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా కథ. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది రెండో గడ్డం తొండ. మొదటిది కూడా నీ మునిలాగే వేరే ఇంటి నుంచి వచ్చింది. ఇల్లు మారుతున్న వాళ్లు ఇచ్చారు, జులైలో, ఇక్కడ గడ్డ కట్టే చలికాలం. తోక దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి, నాకు గుండె తరుక్కుపోయింది. మొదటి రోజే కడుపునిండా పురుగులు పెట్టాను, అది కూడా ఆబగా తింది. కరెంటు బిల్లు చూసి మధ్యాహ్నం రెండు మూడు గంటలు బల్బు ఆపేదాన్ని. నాలుగో రోజు నుంచి ముట్టలేదు. ముట్టలేదని సిరంజితో గుమ్మడి గుజ్జు నోట్లో పెట్టాను. రోజుకో చోట పెట్టె మార్చాను, రోజుకో కొత్త ఆకు వేశాను, మా పిల్లకి చూపించడానికి గంటకోసారి చేతుల్లోకి తీశాను. పదకొండో రోజు పోయింది. డాక్టరు కోసి చూపిస్తే ఆ పురుగులు కాళ్లతో సహా అట్లాగే ఉన్నాయి. హాస్పిటల్లో నేను రోజూ మనుషుల మందులూ మోతాదులూ చూసేదాన్ని, ఈ ఒక్క బల్బు సంగతి నాకు తట్టలేదు. ఊరుకోవడం చేతకాక చంపాను, చిన్నోడా. మెత్తగా చెబితే నువ్వు వినవని ఇట్లా రాస్తున్నా.

అందుకని ఈ రెండు వారాలు నీకు ముఖ్యంగా చెప్పేది, తక్కువ చెయ్యి. ఇల్లు మారిన జంతువు తిండి మానేస్తుంది, పొట్ట మీద నల్ల చారలు తేలతాయి, గడ్డం నల్లబడుతుంది, ఒక్కోసారి పల్చగా పోతుంది. ఇందులో చాలా వరకు భయం, జబ్బు కాదు. పెట్టెకి మూడు వైపులా గుడ్డ కప్పు. పాత ఇంట్లో ఉన్న రాయీ గిన్నే కొమ్మా ఏవి ఇచ్చారో అవే ఉంచు. చేతుల్లోకి తియ్యకు. పక్కింటి పిల్లల్ని ప్రదర్శనకి పిలవకు. షార్ నుంచి రాకెట్ లేచిన రోజు మన కిటికీ రెక్కలే అదురుతాయి కదా, ఆ రోజు దాని మీద ఇంకో దుప్పటి వేసి వదిలెయ్. మన పెద్దవాళ్లు లంఖణం పరమౌషధం అన్నది మనుషులకి ఎంతవరకు నిజమో గానీ చల్లబడ్డ తొండకి అక్షరాలా నిజం. బాగా ఉన్న పెద్ద గడ్డం తొండ కొన్నాళ్లు తినకపోయినా ఏమీ కాదు. వేడి సరిగ్గా పడేదాకా పురుగు ఒక్కటి కూడా పెట్టకు. నీళ్లు, కాసిన్ని ఆకులు ఉంచు, తింటే తింటుంది.

రెండు రోజులు వేడి నిలకడగా ఉన్నాక మూడో రోజు పొద్దున, ఒళ్లు కాగాక, వెచ్చటి నీళ్లలో దింపు. పసిబిడ్డకి నీళ్లు పోసేముందు అమ్మ మోచేయి పెట్టి చూస్తుందే, ఆ వెచ్చదనం. లోతు దాని మోచేతుల దాకా, అంతే. పావుగంట పక్కనే కూర్చో, పొట్ట కింద ఛాతీ నుంచి తోక వైపుకి వేలితో మెత్తగా రాయి. చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. చర్మంలోంచి నీళ్లు పీల్చుకుంటుందని కొందరంటారు, అట్లా ఏమీ లేదు. వెచ్చదనానికి పేగు వదులవుతుంది, నాలుగు చుక్కలు తాగుతుంది, అదే లాభం. తీశాక పూర్తిగా తుడిచి మళ్లీ దీపం కింద పెట్టు. మన ఊరి గాలిలో ఎప్పుడూ పులికాట్ తడి ఉంటుంది. అది ఎండు నేల జీవి, తడిసిన చర్మం ఆరకపోతే బూజు పడుతుంది. ఆ తొట్టి వేరేగా ఉంచు, అంట్లు తోమే చోట కడగకు. వీటి దొడ్డిలో సాల్మొనెల్లా ఉండటం మామూలు. అమ్మ కూడా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఈ వాక్యం కింద గీత గీసి చూపించు.

ఇక అమ్మకి. అమ్మా, ఆముదం వద్దు. వాము నీళ్లు వద్దు, గ్రైప్ వాటర్ వద్దు, పెరుగు అసలే వద్దు, అది పాలు తాగి పెరిగే జాతి కాదు. నూనె నోట్లో పోస్తే గొంతు దిగకుండా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మా ఇద్దరికీ పనిచేసింది దానికి పనిచెయ్యదు.

చిన్నోడా, ఇసుక మాట. ఎడారి జంతువు కదా, తడ దాకా పోయి పులికాట్ ఒడ్డు ఇసుక తెచ్చి పోద్దామా అన్నావు. వద్దు. ఇక్కడ మా ఊరికి పడమరగా కోబార్ దారిలో పోతుంటే కంచె స్తంభాల మీద ఇవే కూర్చుని ఉంటాయి, చుట్టూ ఎర్రమట్టి. నిజమే. కానీ అక్కడ అది మైళ్ల కొద్దీ తిరుగుతుంది, కావలసినంత ఎండ కాచుకుంటుంది. నీ పెట్టెలో పురుగుతో పాటు ఇసుక మింగితే, పైన బల్బు కూడా సరిగ్గా లేకపోతే, పేగులో సిమెంటే. ఈనాడు పేపరు పరుచు, రోజూ మార్చు. దొడ్డికి పోయిందీ లేనిదీ, ఎట్లా పోయిందీ దాని మీదే కనిపిస్తుంది.

ఎట్లా పోవాలో చెప్తా. గోధుమరంగు ముక్క, దాని చివర తెల్లటి సుద్ద. ఆ సుద్ద దాని మూత్రం. సుద్ద పసుపు పచ్చగా గట్టిగా ఉంటే నీళ్లు చాలడం లేదు. ఒక రోజు పల్చగా పోతే ఆ రోజు పెట్టిన కీరదోసకాయ మహిమ కావచ్చు. జిగటగా, ఇల్లంతా కంపు కొట్టేట్టు రెండు మూడు రోజులు పోతే, నెత్తురు చార కనబడితే, కోక్సీడియా లాంటి పరాన్నజీవులు ఉండొచ్చు. ఇవి బాగున్న తొండ కడుపులో కూడా కొన్ని ఉంటాయి, ఇల్లు మారిన దిగులులో పెచ్చు పెరుగుతాయి. అందుకే ఎట్లాగైనా మొదటి దొడ్డిని పారెయ్యకు. శుభ్రమైన డబ్బాలో వేసి అదే రోజు పరీక్షకి ఇవ్వు. తిరుపతి వెటర్నరీ కాలేజీకి గానీ చెన్నై వేపేరి కాలేజీకి గానీ ముందు ఫోన్ చేసి సరీసృపాల్ని చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లు. మైక్రోస్కోపు కింద చూడకుండా ఎవరూ మందు చెప్పకూడదు, నువ్వు అడగనూ కూడదు. గొర్రెలకి వేసే పురుగుల మందులో ఒక చుక్క వేస్తే సరిపోతుందని నీ ఫ్రెండు చెప్పాడట. 340 గ్రాముల జీవానికి ఒక చుక్క అంటే ఎంతో వాడికి తెలుసా?

వేడి సరిచేశాక కూడా నాలుగు రోజుల్లో దొడ్డికి పోకపోతే ఎక్స్‌రేకి తీసుకెళ్లు. వెనక కాళ్లు ఈడుస్తున్నా, కక్కినా, వేళ్లు వణుకుతున్నా, పొట్టలో గట్టి ఉండ తగిలినా ఆ నాలుగు రోజులు కూడా ఆగకు. కింద నుంచి ఎర్రటి కండ బయటికి వస్తే తడిగుడ్డ కప్పి అదే గంటలో బయలుదేరు.

ఇంకో సంగతి, ముని ముని అంటున్నావు గానీ మగదని ఎవరు చెప్పారు? గడ్డం ఆడవాటికీ ఉంటుంది. ఆడదైతే మగ తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. కడుపు ఉబ్బి, తిండి మానేసి, మూలలు గీరుతూ తిరుగుతుంటే అది మలబద్ధకం కాదు, పురుడు. అప్పుడు తడి ఇసుక నింపిన టబ్బు పెట్టాలి, ఇసుక పనికొచ్చేది ఆ ఒక్కసారే. పైగా వీటిలో ఒక వింత ఉంది. గుడ్లు 32 డిగ్రీలు దాటిన వేడిలో పొదిగితే జన్యువుల లెక్కన మగవి కావలసినవి ఆడవిగా పుడతాయి, కాన్‌బెర్రా వాళ్లు 2007లో తేల్చారు. కాబట్టి ముని అహల్య కూడా కావొచ్చు. డాక్టరు తోక ఎత్తి చూసి చెప్తాడు.

పేగు తెరుచుకున్నాక తిండి. రెండేళ్లది కాబట్టి ముప్పాతిక వంతు ఆకులే, పురుగులు వారానికి రెండు మూడు సార్లు, అవి కూడా దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దవి కాకుండా. ఆకుల విషయంలో మన ఊరు స్వర్గం. నేనిక్కడ డాలర్లు పోసి కొనే డబ్బా ఆకుకూరల కన్నా మన పెరటి మునగాకు నూరు రెట్లు నయం, కాల్షియం గనే అది. అవిసాకు, మందార ఆకు, మందార పువ్వు రెక్కలు, గుమ్మడికాయ తురుము. పువ్వు చూస్తే దాని కళ్లు ఎట్లా మెరుస్తాయో చూడు, ఎరుపంటే పిచ్చి. పాలకూర, చుక్కకూర, గోంగూర వద్దు, వాటిలోని పులుపు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. గోంగూర మనకి ఉంచు. బజారు ఆకులైతే మందు కొట్టినవి, అరగంట నీళ్లలో నానబెట్టి రెండుసార్లు కడుగు.

పురుగులు దుకాణంలోవే. వీధి దీపం కింద పట్టిన కీచురాళ్లు, వంటింటి బొద్దింకలు వద్దు, వాటి ఒంట్లో ఏ మందు ఉందో మనకేం తెలుసు. మిణుగురు మాత్రం ఒక్కటి, ఒకే ఒక్కటి లోపలికి పోయినా ప్రాణం పోవచ్చు. వానాకాలం కాలంగి ఒడ్డున అవి ఎన్ని ఉండేవో గుర్తుందిగా. సాయంత్రం పెట్టె ఉన్న గది కిటికీ మూసెయ్.

కరెంటు పోతే తిండి లేదు. ఇది రాసి పెట్టుకో. అక్టోబరు వచ్చిందంటే వాయుగుండాలు, రెండేసి రోజులు చీకటి. తుపాను కబురు వినగానే పురుగులు ఆపెయ్యి. కడుపు ఖాళీగా ఉన్న తొండ చల్లబడినా నిద్రపోతుంది, నిండుగా ఉన్నది చల్లబడితే నా మొదటిదానిలా అవుతుంది.

కాగితాల మాట కూడా. ఇక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో వీటిని పెంచాలంటే లైసెన్సు కావాలి, అడవిలోంచి తేకూడదు. ఆస్ట్రేలియా తన సరీసృపాల్ని వ్యాపారానికి ప్రాణంతో బయటికి పంపనివ్వదు, కాబట్టి ప్రపంచంలో ఇళ్లలో ఉన్న గడ్డం తొండల ముత్తాతలు చాలావరకు ఎప్పుడో దొంగచాటుగా దాటినవేనంటారు. చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ పెట్టెల్లో పట్టుబడేవాటి సంగతి పేపర్లో చూస్తూనే ఉంటావు. పాత ఓనరు దగ్గర బిల్లు తీసుకో. మన దేశంలో విదేశీ జంతువుల నమోదుకి 2024లో కొత్త నియమాలు వచ్చాయి, నీ దానికి వర్తిస్తాయో లేదో అటవీ శాఖ వాళ్లని అడిగి రాయించుకో. దీనికి తోడుగా ఉడుము పిల్లనో నక్షత్ర తాబేలునో ఎవడైనా ఇస్తానంటే తలుపు వేసెయ్, అవి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి, నేరుగా జైలే.

చిన్నప్పుడు కాలంగి గట్టు మీద ఈనెపుల్లకి ఉచ్చు కట్టి తొండల్ని పట్టి ఏడిపించేవాడివి. నేను నాన్నతో చెప్పి నిన్ను కొట్టించాను. ఆ తొండలన్నీ కలిసి దీన్ని నీ దగ్గరికి పంపాయని అమ్మతో అంటే నవ్వి, అవునన్నది.

రేపు పొద్దున వంటింటి కాటా మీద దాన్ని తూచి అంకె పంపు. తర్వాత ప్రతి సోమవారం. పదో వంతు తగ్గితే డాక్టరు దగ్గరికి, వాదన లేదు. రెండు థర్మామీటర్ల అంకెలు కూడా, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఫోటోలు మాత్రం మీ మధ్యాహ్నం మూడున్నరకి పంపకు, మాకు రాత్రి ఎనిమిది, అన్నాలు తింటుంటాం. దొడ్డికి పోయినప్పుడు ఒక్క మాట రాయి చాలు, ఎంత రాత్రయినా లేపు.

అక్క